మంచులో పొగ

మా బాబా గదిలో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. అందులో ఎవరూ కూర్చోరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మేముండే అల్ ఖువైర్ వీధులన్నీ ఎండకి దడిసి తలుపులేసుకున్న వేళ, బాబా మంచం మీద నుంచి ఆ కుర్చీ వైపు చూసి, "బింతీ, ఆ పిల్లాడు తడిసి ముద్దయ్యాడు. ఏదన్నా కప్పు" అంటారు. మొదటిసారి విన్నప్పుడు నేను తిన్నగా వాదనకి దిగాను. అక్కడెవరూ లేరని, ఈ ఊళ్ళో వాన పడి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు కూడా లేదని చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశారు. "నీకు కనబడకపోతే అది వాడి తప్పా?" అన్నారు. శాలువా తెచ్చి కుర్చీ మీద కప్పాను.

బాబా నాకు తండ్రి కాదు, చుట్టమూ కాదు. ఇక్కడ ఇంటి పెద్దాయన్ని పనివాళ్ళు అలాగే పిలుస్తారు. ఆయన నన్ను బింతీ అంటారు, అంటే నా కూతురా అని. కోనసీమ నుంచి ఈ అరబ్బు దేశానికి ఇంటిపనికి వచ్చినప్పుడు నాకు అరబీలో ఒక్క ముక్క రాదు. ముందు పనిచేసిన ఇళ్ళలో నాతో మాట్లాడినవాళ్ళు లేరు. పని చెప్పడానికి వేలు చాలు కదా. బాబా మాత్రం ఒక్కో వస్తువు ఎత్తి చూపించి, పేరు చెప్పి, నా చేత అనిపించి, తప్పంటే మళ్ళీ అనిపించేవారు. సైన్యంలో కొత్తగా చేరినవాళ్ళకి తుపాకీ భాగాలు అలాగే నేర్పేవారట. చెంచా, గరిటె, చీపురు నేను అదే పద్ధతిలో నేర్చుకున్నాను. అందుకే ఆ శుక్రవారం ఆయన అన్న మాటల్లో నాకు అర్థం కానిదంటూ లేదు. అర్థం కాకపోయుంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

బాబా సైన్యంలో అధికారి. వయసులో ఉన్నప్పుడు దక్షిణాన, సలాలా వెనకాల కొండల్లో యుద్ధం చేశారు. పరాయి దేశంతో కాదు. ఈ దేశపు మనుషులే రెండుగా చీలి, కొందరు సుల్తాను వైపు, కొందరు కొండలెక్కి తిరుగుబాటు వైపు నిలబడి కొట్టుకున్న యుద్ధం. ఒకే కడుపున పుట్టినవాళ్ళు చెరో పక్కా ఉన్న ఇళ్ళు కూడా ఉన్నాయట. ఆ యుద్ధం ముగిసి, అప్పటికి పుట్టనివాళ్ళు తాతలయ్యేంత కాలం గడిచింది. బాబాకి మాత్రం ముగియలేదు. వీపు ఎప్పుడూ గోడకి ఆనించే కూర్చుంటారు. చెప్పులు తలుపు వైపు తిరిగి ఉండాలి, లేవగానే కాళ్ళు దూర్చడానికి. దుప్పటి మీద ముడత ఉంటే పడుకోరు. వీధిలో టైరు పేలితే మేమందరం కిటికీ దగ్గరికి పరిగెడతాం, ఆయన కిటికీకి దూరంగా జరుగుతారు. జ్ఞాపకం సన్నగిల్లడం మొదలయ్యాక కన్నకూతురి పేరు కోసం తడుముకున్నారు గానీ, ఈ అలవాట్లలో ఒక్కటీ వదల్లేదు. ఎప్పటి యుద్ధం, ఎప్పటి శత్రువు, ఈ దుప్పటి గోలేంటి నా ప్రాణానికి అని గొణుక్కునేదాన్ని. నా నోరు మంచిది కాదని మా అమ్మ ఊరికే అనలేదు.

ప్రతి శుక్రవారం ప్రార్థన అయ్యాక ఊరి అవతలి కొసనున్న మబేలా నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. ఆయన ఆ దక్షిణపు కొండల మనిషి, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు. మొదట తిరుగుబాటు వైపు ఉండి, తర్వాత లొంగిపోయి, బాబా కిందే సైన్యంలో పనిచేశారు. అలా లొంగిపోయినవాళ్ళని సైన్యం తనలో కలుపుకునేదట. ఒకప్పుడు ఒకరినొకరు గురి చూసుకున్న ఇద్దరు ఒకే తివాచీ మీద కూర్చుని ఖర్జూరం గింజలు ఒకే పళ్ళెంలో వేస్తుంటే నాకు వింతగా ఉండేది. మాటలు తక్కువ. మోకాళ్ళ నొప్పులు, ఎండలు, ఎవరు పోయారు, ఎవరున్నారు, అంతే. మా ఇంటి డ్రైవరు ఆయన్ని కారులో తీసుకొచ్చి, మళ్ళీ దింపి వచ్చేవాడు. డ్రైవరు జగిత్యాల వైపు మనిషి. మీసం నెరిసినా నన్ను అక్కా అంటాడు, నేనూ ఆక్షేపించను.

ఆ పెద్దాయనతో నాకొక పేచీ ఉండేది. యాలకులు వేసిన కహ్వా చిన్న పింగాణీ గిన్నెలో పోసి ఇస్తే, తీసుకుని కింద పెట్టేసేవారు. తాగేవారు కాదు. వెళ్ళేదాకా అది అలాగే చల్లారిపోయేది. కాఫీ కుదరలేదేమోనని యాలకులు తగ్గించాను, పెంచాను, కుంకుమపువ్వు వేశాను. ఒకసారి చల్లారిన గిన్నె తీసేసి వేడిది పోసి ముందు పెట్టాను. అదీ కింద పెట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా వైపు కాఫీ ముట్టుకోని చుట్టాన్ని రెండోసారి గుమ్మం ఎక్కనివ్వరండీ బాబూ. ఏం చూసుకుని ఈయనకంత ఇదీ?" అన్నాను డ్రైవరుతో.

"నీ కాఫీ ముచ్చట గాదక్కా అది. ఏందో కత ఉన్నది. కారెక్కినప్పటి సంది దిగేదాంక తస్బీ పూసల దండ తిప్పుకుంటనే ఉంటడు ఆ ముసలాయన. మేడమ్‌ను అడుగు" అన్నాడు.

మేడమ్ అంటే బాబా కూతురు. మినిస్ట్రీలో పెద్ద ఉద్యోగం. అడిగితే నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. వాళ్ళలో ఒక పద్ధతి ఉందట. ఎవరైనా ఒక కోరికతో గడప తొక్కితే, ఇచ్చిన కాఫీ తాగకుండా కింద పెడతారు. "తాగు, నీ పని అయినట్టే" అని ఇంటాయన అంటేనే తాగుతారు. ఆ మాట అన్నాక ఇంటాయన వెనక్కి పోవడానికి లేదు.

"మరి బాబా ఎందుకనరు మేడమ్?"

"ఆయన దగ్గర లేనిది అడుగుతుంటే ఎలా అంటారు?" అంది.

అప్పుడు చెప్పింది. ఆ పెద్దాయనకి ఒక తమ్ముడు ఉండేవాడు. మీసాలు కూడా సరిగ్గా రాని వయసు. అన్న లొంగిపోయి సైన్యంలో చేరినా తమ్ముడు కొండ మీదే ఉండిపోయాడు. అన్న వచ్చి బాబాని బతిమాలితే, ఆయుధం లేకుండా దిగి వస్తే వాడి మీద ఈగ వాలనివ్వనని బాబా మాట ఇచ్చారు. అన్న కొండ మీదికి కబురు పంపాడు. వానకారు నెలల్లో ఆ కొండల్ని మంచు కప్పేస్తుంది, సన్నగా తుంపర పడుతూనే ఉంటుంది, పది అడుగుల అవతల మనిషి ఆనడు. అందుకని ఒక గుర్తు పెట్టుకున్నారు. మలుపు దగ్గర పచ్చి కట్టెలతో పొగ పెట్టి, ఆ తర్వాత దిగాలి, కంటికి ఆనకపోయినా వాసనైనా తెలుస్తుందని. పొగ పైకి లేస్తే సైన్యం పేల్చదు. అనుకున్న రోజు అన్నని వేరే కాపలాకి పంపారు, చూడకూడనిది చూసి తొందరపడతాడని. సాయంత్రం బాబా అతన్ని పిలిచి చెప్పారు: పొగ లేవలేదు, నీ తమ్ముడు రాలేదు.

అంతే. తర్వాత వాడి కబురు లేదు, శవమూ లేదు. సరిహద్దు దాటిపోయాడన్నారు కొందరు. తల్లి పోయేదాకా తలుపు గడియ పెట్టలేదట. అన్న ప్రతి శుక్రవారం కాఫీ కింద పెట్టి నోరు తెరవకుండా అడుగుతున్నది అదే. నా తమ్ముడు నా మాట నమ్మాడా లేదా, వచ్చాడా రాలేదా.

"నాన్నకి తెలిసుంటే చెప్పరా? ఆయన అబద్ధమాడగా నేను చూడలేదు" అంది మేడమ్.

డ్రైవరుకి చెప్తే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. "మా ఊర్ల గూడ ఉన్నరక్కా అసోంటోల్లు. అడవిలకు పోయిన కొడుకు ఉన్నడో సచ్చిండో తెల్వక, దినం జెయ్యక, పండుగ జెయ్యక... సచ్చిండని తెలిస్తె ఒక్కనాడు ఏడుస్తరు. తెల్వకపోతె దినాం ఏడుపే" అన్నాడు. ఆ పూట నేనిక పెద్దాయన మీద నోరు చేసుకోలేదు.

బాబా మతిమరుపు ఎండాకాలం వచ్చేసరికి బాగా ముదిరింది. డాక్టరు మందులు మార్చాడు గానీ పోయేదేదీ వెనక్కి రాదని మేడమ్‌తో చెప్పాడు. పెద్దాయన అది కనిపెట్టారు. ఒక శుక్రవారం బాబా ఆయన్ని మర్యాదగా, "మీరెవరి తాలూకు?" అని అడిగారు. పెద్దాయన కింద పెట్టబోతున్న గిన్నె ఒరిగి కహ్వా తివాచీ మీద ఒలికింది. ఆయనకి తమ్ముడి గురించి చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ కళ్ళెదుటే ఖాళీ అయిపోతున్నాడు. ఇంకొన్ని శుక్రవారాలైతే అడగడానికి కూడా ఎవరూ ఉండరు. ఆ మరక తుడుస్తూ నేను ఆయన మొహం వైపు చూడలేకపోయాను.

ఇటు కుర్చీలో పిల్లాడు మధ్యాహ్నాలు దాటి పొద్దున్నే రావడం మొదలుపెట్టాడు. బాబా తిండి తగ్గించేశారు. చెంచా నోటి దాకా వచ్చాక కుర్చీ వైపు చూసి మూతి తిప్పుకునేవారు. మేడమ్ మాత్రల సంగతి చూసుకుంటోంది. నేను మా అమ్మ చూసుకునే సంగతి చూడాలనుకున్నాను. ఆ శుక్రవారం మేడమ్ అత్తవారింటికి భోజనానికి వెళ్ళింది. బాబాని కూర్చోబెట్టి, పిడికిట్లో రాళ్ళుప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ మూడుసార్లు తిప్పి తీశాను. ఆయన చిన్నపిల్లాడిలా కదలకుండా కూర్చున్నారు. ఈలోగా డ్రైవరు పెద్దాయన్ని తీసుకురానే వచ్చాడు. ఇద్దర్నీ ముందు గదిలో కూర్చోబెట్టి, కహ్వా ఇచ్చి, నేను వంటింట్లోకి వచ్చాను.

మా ఊళ్ళో అయితే దీన్ని పొయ్యిలో పడేస్తే సరిపోయేది. ఇక్కడ పొయ్యి గ్యాసుది. ఇంట్లో నిప్పు అంటూ ఉంటే అది శుక్రవారం సాంబ్రాణి ధూపం కోసం రాజేసే బొగ్గుల కుంపటే. రోజూ సాంబ్రాణి పొగలో మునిగే ఇంటికి నాలుగు మిరపకాయల పొగ ఒక లెక్కా అనుకున్నాను. బొగ్గుల మీద పడేశాను. కొరివితో తల గోక్కోవడం అంటే అదే. గట్టి దిష్టి ఉంటే మిరపకాయల కోరు, అదే ఘాటు, రాదంటారు మా వాళ్ళు. ఇక్కడ ఎంత కోరు వచ్చిందంటే నా కళ్ళు మూసుకుపోయాయి. తలుపు తీసేసరికి ఏసీ గాలి ఆ పొగనంతా ముందు గదిలోకి లాగేసుకుంది. దగ్గుకుంటూ కుంపటి ఎత్తుకుని బయటికి పరిగెత్తబోతుంటే ముందు గదిలో ఎవరో అరిచారు.

అది బాబా గొంతు అని నాకు వెంటనే తెలియలేదు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇద్దరం పడితే గానీ లేవలేని మనిషి, గది మధ్యలో నిటారుగా నిలబడి ఉన్నారు.

"పొగ! ఎవరూ పేల్చొద్దు. తుపాకులు దించండి. పిల్లాడు పొగ పెట్టాడు, వాసన తెలియడం లేదా? దిగి వస్తున్నాడు. దించండని చెప్తున్నానా!"

పెద్దాయన కూర్చున్నచోటే బిగుసుకుపోయారు. గుమ్మంలో డ్రైవరు, నా చేతిలో కుంపటి. బాబా చెయ్యి అలాగే గాల్లో ఉంది. ఆయన ఏదో వింటున్నారు. మాకెవరికీ వినబడనిది. నెమ్మదిగా ఆ చెయ్యి కిందికి దిగింది.

"ఎవరు పేల్చారు?" అన్నారు. తన ప్రశ్నకి తనే, "నేనే పేల్చమన్నాను. ఒట్టి మంచు అనుకున్నాను. పొగ అంతా మంచులో కలిసిపోయింది. గాలి తిరిగాక వాసన వచ్చింది. అప్పటికే..." అన్నారు. దగ్గు తెర ఆయన్ని ఊపేసింది. తేరుకుని గొంతు తగ్గించారు. "వాడి అన్నకి చెప్పకండి. పొగ లేవలేదని చెప్పండి. వాడు రాలేదని చెప్పండి. అన్న మాట విని వచ్చాడు, ఆ సంగతి అన్నకి తెలియకూడదు."

పెద్దాయన లేచారు. ఆయన బాబా మీద పడతారనుకున్నాను. పడినా నేను అడ్డం వెళ్ళేదాన్ని కాదేమో. ఆయన వెళ్ళి బాబా ఎదురుగా, మడమలు దగ్గరికి చేర్చి, చేతులు పక్కలకి ఆనించి నిలబడ్డారు. సిపాయి అధికారి ముందు నిలబడ్డట్టు.

"వాణ్ణి ఎక్కడ పెట్టాం సార్?" అని అడిగారు.

"ఎగువ బావి దగ్గర, మేడిచెట్టుకి పడమర వైపు. నా చేత్తో నేనే తవ్వాను. మొహం కప్పాను" అన్నారు బాబా, అప్పగింతలు చెప్పినట్టు. "చలికి వణుకుతూ వచ్చాడు. చేతిలో ఏమీ లేదు."

తర్వాత ఆయన పక్కకి ఒరిగిపోయారు. డ్రైవరు పట్టుకుని కూర్చోబెట్టాడు. బాబా కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూసి, "ఏంటమ్మా ఈ ఘాటు, ఏం మాడ్చావు?" అన్నారు. ఆ పాత మెత్తటి గొంతే. పెద్దాయన తన చోటికి వెళ్ళి కూర్చున్నారు. చల్లారిన గిన్నె తీసుకుని ఒక్క గుక్కలో తాగేసి, ఇంక చాలన్నట్టు ఊపి, నా చేతికి ఇచ్చారు. అన్నేళ్ళూ కింద పెట్టిన కాఫీ. నాకు ఏడుపు ఆగలేదు, మిరపకాయల మీదికి నెట్టేశాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "కూతురికి చెప్పకు. ఆవిడకి తండ్రి ఉన్నాడు, అలాగే ఉండనీ" అన్నారు. నేను చెప్పలేదు. ఇందులో ఎవరి పేరూ రాయకపోవడం అందుకే. మేడమ్ సాయంత్రం వచ్చి, ఇంట్లో ఇంకా వదలని ఘాటు పీల్చి, నన్ను చెడామడా తిట్టింది. ఆ తిట్లు నాకు ఊరటగా ఉన్నాయి.

డ్రైవరు ఆలస్యంగా తిరిగొచ్చాడు. "మబేలాల ఇల్లొచ్చినా దిగలేదక్కా. గట్లనే కూసున్నడు. తమ్ముని పేరు పెట్టి పిలుస్తండు, పక్క సీట్ల ఉన్నోన్ని పిలిచినట్టు. నాకైతె యెనకకు సూసెటందుకు భయమైంది" అన్నాడు.

తర్వాతి శుక్రవారం ఆయన రాలేదు. ఆ పై శుక్రవారం కూడా. కొడుకుతో కలిసి దక్షిణానికి వెళ్ళారని తెలిసింది. బావి ఉందట, పూడిపోయి. మేడిచెట్టు లేదు, మొదలు ఉంది. దానికి పడమర వైపు రాళ్ళు పేర్చి ఉన్నాయట. అక్కడ ప్రార్థన చేసి వచ్చారు.

ఆ రోజులు నాకు ఎలా గడిచాయో చెప్పలేను. బాబాకి స్నానం చేయిస్తుంటే ఆ చేతులే కనబడేవి. పేల్చమని ఎత్తిన చెయ్యి, తవ్విన చెయ్యి. మాట ఇచ్చి, చంపి, పైగా అబద్ధం చెప్పి, అన్నని అన్నేళ్ళు తిప్పించుకున్న మనిషి. నా కూతురా అని పిలిచి నాకు మాట నేర్పిన మనిషీ ఈయనే. ఒకరోజు కోపంతో కావాలనే దుప్పటి మీద ముడత వదిలేశాను. అడిగితే నాలుగు దులిపేద్దామని అక్కడే నిలబడ్డాను. ఆయన అడగలేదు. ముడత మీదే పడుకుని నిద్రపోయారు. ఆ అలవాటు కూడా పోయింది. ఇంక ఎవరి మీద కోపం తెచ్చుకోను? కుర్చీ ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు నేను గదిలోకి వెళ్ళినప్పుడు దాని చుట్టూ తిరిగి వెళ్తాను, పిల్లాడి మోకాళ్ళు తగులుతాయేమోనని.

చలిగాలులు మొదలయ్యాక ఒక శుక్రవారం పెద్దాయన వచ్చారు. ఎవరూ పిలవలేదు. డ్రైవరుకి ఆయనే ఫోన్ చేశారట. చిక్కిపోయారు. బాబా ఎదురుగా వెళ్ళి కూర్చున్నారు. ఆయన ఎందుకొచ్చారో నాకు తెలియక, పళ్ళెం పట్టుకుని అక్కడే తచ్చాడుతున్నాను.

బాబా ఆయన్ని పరీక్షగా చూశారు. మొహం వెలిగింది. చాలా రోజుల తర్వాత ఆయన ఒక మనిషిని గుర్తుపట్టారు.

"నువ్వా! నీకోసమే చూస్తున్నాను. నీ తమ్ముడు దిగి వచ్చాడా?"

బాబా మొహంలో మోసం లేదు. ఆయన ఆ రోజుకి ముందున్న ఏదో పూటకి వెళ్ళిపోయారు. ఇంకా ఎవరూ తుపాకీ ఎత్తని పూటకి. పెద్దాయన తల వంచుకున్నారు. చెప్పెయ్, నువ్వే చంపావని చెప్పెయ్ అని నా లోపల ఎవరో అరిచారు. చెప్పొద్దని కూడా అరిచారు.

"వచ్చాడు సార్" అన్నారు.

"మావాళ్ళు ఎవరూ పేల్చలేదు కదా?"

"లేదు సార్. ఎవరూ పేల్చలేదు."

"అల్‌హమ్దులిల్లా" అన్నారు బాబా. గోడకి చేరబడి ఒళ్ళంతా వదులు చేశారు. ఆయన అలా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "బింతీ, ఏమిటలా నిలబడ్డావు? పిల్లాడు ఎప్పుడు తిన్నాడో ఏమో. వాడికి అన్నం పెట్టు" అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి పళ్ళెం నిండా అన్నం, చేప ముక్కలు వేసి తెచ్చాను. తెచ్చాక ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పెద్దాయన చేతులు చాచి ఆ పళ్ళెం తీసుకుని, తన ముందు పెట్టుకున్నారు. బిస్మిల్లా అనుకుని, బాబా చూస్తుండగా, మెతుకు మిగల్చకుండా తిన్నారు.